తెల్లారుజామున వచ్చి పోయే నొప్పి

గజ్వేల్ చుట్టుపక్కల నుంచి గుండె పరీక్షకు హైదరాబాద్ వెళ్లొచ్చినవాళ్లు కొందరు చెప్పే మాట: 'యాంజియోగ్రాం క్లీన్ అన్నరు, గ్యాస్ కావచ్చన్నరు.' పగలంతా పత్తి చేన్లో నడుం వంచినా రాని నొప్పి తెల్లారుజామున పడుకున్నచోటే ఛాతీని పిండుతుంది. సార్బిట్రేట్ బిళ్ల నాలుక కింద పెడితే తగ్గుతుంది. దాన్ని అంత తేలిగ్గా గ్యాస్ అని కొట్టిపారేయొచ్చా?

ఈ నొప్పిని 1959లో అమెరికా వైద్యుడు ప్రింజ్‌మెటల్ వర్ణించాడు. పెద్ద అడ్డు లేని గుండె రక్తనాళం కూడా ఉన్నట్టుండి బిగుసుకుంటుంది, కాసేపటికి వదులుతుంది. యాంజియోగ్రాం తీసేసరికి దొంగ గోడ దూకేసి ఉంటాడు. అందుకని మందిచ్చి మరీ ఆ బిగుతును రప్పించి చూసే పరీక్ష పుట్టింది.

మొదట్లో వాడిన మందు ఎర్గోనోవిన్. కాన్పు గదిలో దాని పేరు ఎర్గోమెట్రిన్. బాలింతకు రక్తస్రావం ఆగడానికి వేసే మెథర్జిన్ దానికి తోబుట్టువే. గర్భసంచిని బిగించే మందు గుండె నాళాన్నీ బిగించగలదు. బీపీ ఉన్న బాలింతకు మెథర్జిన్ వేయనిది నాళాలను బిగించే ఈ గుణం వల్లనే. ఎర్గోనోవిన్‌ను చేతి సిరలోకి ఎక్కించి పరీక్షించిన రోజుల్లో కొందరికి బిగిసిన నాళం మళ్లీ వదల్లేదు, ప్రాణాలు పోయాయి. ఆ నాళంలోకే నేరుగా, బిగుతును వదిలించే నైట్రోగ్లిజరిన్ పంపే ఏర్పాటు ఉండాలని 1980 నాటికి వైద్యులు గట్టిగా చెప్పారు.

తర్వాత జపాన్ వైద్యులు ఇదే పరీక్షకు ఎసిటైల్‌కోలిన్ అనే మందు బాట పట్టారు. గుండె నాళంలోకే 20 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి పెంచుతారు. ఒంట్లో అది త్వరగా విరిగిపోతుంది కాబట్టి దాని ప్రభావం ఎక్కువసేపు నిలవదు. పన్నెండు వేల మందికి పైగా చేసిన పరీక్షలను 2022లో కలిపి చూస్తే పెద్ద ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి. మరణం ఒక్కటీ లేదు.

ఈ లెక్క చూపి భయమే లేదనేవాళ్లతో నాకు పేచీ. అది యాంజియోగ్రాం తీసే క్యాథ్‌ల్యాబ్ లెక్క. నాళంలో గొట్టం, పక్కన షాక్ యంత్రం, చేయి తిరిగిన డాక్టరు ఉన్నచోటి లెక్క. అవేవీ లేని వార్డులో ఇంజెక్షన్ వేసి చూద్దామంటే నేను ఒప్పుకోను. అసలు రప్పించేముందు దానంతటదే వచ్చిన నొప్పిని పట్టుకునే ప్రయత్నం ఎందరికి జరుగుతోంది? హైదరాబాద్ దారిలోని ప్రజ్ఞాపూర్ చౌరస్తా చేరేలోపే నొప్పి మాయమయ్యే మనిషికి, మందు రేపే నొప్పికంటే ముందు 24 గంటలు ఒంటికి కట్టి ఈసీజీ తీసే హోల్టర్ పెట్టె కావాలి.