గట్టు మీద సైకిలంటే నవ్వులాటా?

పోస్టు కాస్త పొడుగే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి, తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

మొన్న ఆదివారం పొద్దున్నే టీ కొట్టు దగ్గర నలుగురు సైకిళ్లవాళ్లు ఆగారు. బెజవాడ నుంచి చీకటితో బయల్దేరారట. హంసలదీవి దాకా వెళ్లి, రాత్రికి అవనిగడ్డలో పడుకుని, మర్నాడు తిరుగు ప్రయాణం. అందులో ఒకాయనకి నా వయసే ఉంటుంది. "హైవే మీద లారీలతో ప్రాణం విసిగిపోయిందండీ, కాలువ గట్టెంట దారుందా?" అని అడిగాడు. ఉందని చెప్పి పంపించింది నేనే. ముప్పావుగంటలో వెనక్కొచ్చేశారు. ఒక కుర్రాడికి మోకాలు దోక్కుపోయింది. ఇంకో సైకిలుకి రెండు టైర్లలోనూ తుమ్మముళ్లు.

కొట్టు దగ్గర మనవాళ్లు ఒకటే నవ్వు. "కార్లుండి సైకిళ్లు తొక్కడమేంట్రా, తిన్నది అరక్కపోతే సరి" అని ఒకడు. "సైకిలు టూరంటే అరకులోనో లంబసింగిలోనో తిరగాలి గానీ, ఈ బురదలో ఏముందని వస్తారు బాబాయ్" అని ఇంకొకడు. ఆ రోజు నేనేమీ అనలేదు. ఈ రోజు అంటున్నాను. నవ్వాల్సింది వాళ్లని చూసి కాదు, మన గట్టుని చూసి. దాన్ని అలా చేసుకున్న మనల్ని చూసి.

ముందు అరకు సంగతి. విశాఖ నుంచి అరకు పోవాలంటే అనంతగిరి ఘాటు ఎక్కాలి. కాళ్లలో బలమున్న కుర్రాళ్లకి అది పండగే, కాదనను. కానీ కొండలున్న దేశాల్లో కూడా జనం ఎక్కువగా తొక్కే దారి కొండ మీద ఉండదు, ఏటి ఒడ్డున ఉంటుంది. జర్మనీలోని పసావు నుంచి ఆస్ట్రియాలోని వియన్నా దాకా డాన్యూబ్ నది వెంట 300 కిలోమీటర్ల పైచిలుకు సైకిలు దారి ఉంది. అటూ ఇటూ కొండలు, ద్రాక్షతోటలు. దారి మాత్రం ఎక్కువ భాగం నది పక్కనే పోతుంది. ఒకప్పుడు సరుకు పడవల్ని ఎదురునీటికి గుర్రాలతో లాగించిన బాట అది. పడవల కాలం పోయాక సైకిళ్లకి పనికొచ్చింది. ముసలాళ్లు, పిల్లలున్న కుటుంబాలు కూడా తొక్కుతారు. దక్షిణ కొరియాలో ఇంచియాన్ నుంచి బూసాన్ దాకా 633 కిలోమీటర్లు ఇలాగే నదుల వెంట పోవచ్చు.

ఇప్పుడు మన సంగతి చూడండి. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలు సాగుకి ఒక్కదానికే కాదు, పడవలకి కూడా. అందుకే అన్ని చోట్ల లాకులు కట్టారు. గాలి లేనప్పుడు మనుషులు భుజాన తాడేసుకుని గట్టెంట నడుస్తూ పడవని లాగేవాళ్లని మా తాత చెప్పేవాడు. అంటే వాళ్ల డాన్యూబ్ బాట ఏదో, మన కాలువ గట్టూ అదే. వాళ్లు ఉన్నదాన్ని కాపాడుకున్నారు. మనం తుమ్మకి, టిప్పర్లకి వదిలేశాం.

చూడటానికేముంది అంటారా? పామర్రు నుంచి దిగువకి నిమ్మకూరు, కూచిపూడి, క్షేత్రయ్య పుట్టిన మొవ్వ, బౌద్ధ స్తూపమున్న ఘంటసాల, చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ అక్విడక్టు, అవనిగడ్డ, కోడూరు, చివరికి కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి. ఒక్క రోజు తొక్కుడులో ఇన్ని ఊళ్లు ఇంకెక్కడ దొరుకుతాయి? ఇక మనకి కొండల్లేవంటారు. కొండకి బదులు ఎదురుగాలి ఉంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలికి ఎదురు బందరు వైపు ఒక్కసారి తొక్కి చూడండి, ఘాటంటే ఏంటో తెలుస్తుంది.

సరే, ఆ కుర్రాడు ఎక్కడ పడ్డాడో అడిగాను. లాకులు దాటాక, మట్టి టిప్పర్లు తిరిగి మోకాల్లోతు గాళ్లు పడ్డచోట. ఆ గాళ్లు నాకు బాగా తెలుసు. రెండేళ్ల కిందట యూరియా బస్తాతో బండి మీద వస్తూ నేనూ అక్కడే పడ్డాను. భుజం ఎముక విరిగి నెలన్నర ఇంట్లో కూర్చున్నాను. నాట్ల టైములో! ఆ రోజు నన్ను చూసి ఎవరూ నవ్వలేదు. మనవాడు కాబట్టి.

ఇంకో మాట దాచకుండా చెప్తాను. చెరువు మట్టి అటెంట తోలుకుపోతున్నప్పుడు మా దొడ్డి మెరక చేసుకోవడానికి నేనూ రెండు టిప్పర్లు పోయించుకున్నాను. చవగ్గా వచ్చిందని సంబరపడ్డాను. దాన్ని నా భుజంతో తీర్చుకున్నాననుకోండి. మనలో ఎంతమందిమి అలా నోరు మూసుకున్నామో ఎవరి మనసుకి వాళ్లే చెప్పుకోండి.

ఇది సైకిళ్ల సరదాతో పోయేది కాదు. 2024 సెప్టెంబరు మర్చిపోయారా? ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చింది. బుడమేరుకి గండ్లు పడి బెజవాడలో సింగ్‌నగర్ మునిగింది. గట్టు అంటే ఏంటో అప్పుడు అందరికీ తెలిసింది. టైరు గాట్లో నీళ్లు నిలుస్తాయి, గట్టు నానుతుంది, అంచు జారుతుంది, ఏదో ఒక రాత్రి అక్కడే గండి పడుతుంది. సైకిలు బరువుకి ఏ గట్టూ కుంగదు. సైకిలు పోలేని గట్టు వరదకీ పనికిరాదు, ఇది రాసి పెట్టుకోండి.

అందుకని నేననేది ఒక్కటే. కాలువ గట్లని, కరకట్టని తేలికపాటి బండ్ల దారిగా ఉంచమని మనమే అడగాలి. రంగు టైల్సు, లైట్లు, సెల్ఫీ బొమ్మలు వద్దు. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాకు వేసి పైన సోలారు పలకలు కప్పారు. అది పట్నానికి బాగుంటుంది. మనకి అంత అక్కర్లేదు. మన నల్లమట్టి వానకి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఇరుక్కుంటే పుల్లతో పొడుచుకోవడం మనకి తెలిసిందే కదా. దాని మీద గట్టిగా రోలింగ్ చేసిన గ్రావెల్ చాలు. సర్కారు తుమ్మ కొట్టేయాలి. నీడకి నాలుగు చెట్లు, ఊరూరా మంచినీళ్ల కుళాయి, దారి చెప్పే తెలుగు బోర్డు. అంతే.

టిప్పర్లు ఆపడానికి ఎత్తు గేటు పెడదామని ఎవరో అన్నారు. అది పెడితే మన గడ్డి ట్రాక్టరు కూడా ఆగిపోతుంది. ఇరుకు దిమ్మెలు పెడితే కోత మిషను పోదు. తాళమేసిన గొలుసు పెట్టి, తాళంచెవి నీటి సంఘం దగ్గర ఉంచితే సరిపోతుంది. కోతలప్పుడు తీస్తారు, మిగతా రోజులు వేస్తారు. సైకిలు పక్కనుంచి పోతుంది.

"రేపు టూరిజం అని చెప్పి మననే గట్టు దిగమంటారు" అని ఒక పెద్దాయన భయం. ఆ భయం తీసిపారేయదగ్గది కాదు. అందుకే వాళ్లు గీతలు గీయకముందే మనం గ్రామసభలో తీర్మానం రాయాలి. దారి మొదట రైతుది, తర్వాత బడిపిల్లలది, ఆ తర్వాత వచ్చేపోయేవాళ్లది అని. అలాగే మన వైపు తప్పూ ఒప్పుకోవాలి. వడ్లు దారికి అడ్డంగా ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి వదిలేస్తే రాత్రిపూట ఎవడు పడ్డా ఆ పాపం మనదే. సగం దారి వదలండి.

సైకిళ్లవాళ్లొస్తే ఊరు బంగారమైపోతుందని నేను చెప్పను. నాలుగు టీలు, నాలుగు కొబ్బరిబోండాలు అమ్ముడవుతాయేమో. కానీ హైవే అంచున లారీల గాలికి ఊగుతూ బడికి తొక్కుకుంటూ పోయే ఆడపిల్లలు మన ఇళ్లల్లోనే ఉన్నారు. వాళ్లకి ఆ గట్టు కావాలి.

ఆ నలుగురూ చివరికి హైవే మీదనే వెళ్లారు. పోతూ ఆ పెద్దాయన "బాగుచేస్తే మళ్లీ వస్తామండీ" అన్నాడు. తల ఊపాను గానీ మాట రాలేదు. వచ్చే గ్రామసభలో ఈ విషయం నేను లేవనెత్తుతున్నాను. మీరూ రండి. నవ్వడానికైనా సరే రండి.