పసరు కన్నా ముందు టార్చి

వేపాకు, తులసి, పచ్చి పసుపు నూరి పరగడుపున పుచ్చుకుంటే నోటి క్యాన్సర్ గొంతు దాటి పాకదట. ఈ వారం వట్లూరు వాట్సాప్ గ్రూపులన్నింటిలో ఆ వీడియోదే రాజ్యం. పంపినవాళ్లలో ఎమ్మెస్సీలు చదివినవాళ్లూ ఉన్నారు. కింద 'ల్యాబులో రుజువైంది' అని ఒక తోక.

రుజువైన మాట నిజమే, గాజు పళ్లెంలో. పసుపులోని కుర్కుమిన్ పోస్తే క్యాన్సర్ కణాల కదలిక మందగిస్తుందని చాలా ప్రయోగశాలలు చూపించాయి. కానీ అదే పసుపు మింగితే పేగుల్లోంచి రక్తంలోకి చేరేది నామమాత్రం. పళ్లెంలో కణాల్ని చంపడానికి పసుపే అక్కర్లేదు, బట్టల సోడా కూడా చంపుతుంది.

మొక్కల్లో మందు లేదని ఎవరన్నారు? నోటి క్యాన్సర్‌కు ఇచ్చే డోసిటాక్సెల్ యూ చెట్టు ఆకుల్లోంచి పుట్టిందే. అదే కోవకు చెందిన ప్యాక్లిటాక్సెల్ కోసం అమెరికాలో 1962లో బెరడు సేకరిస్తే, మందుగా అనుమతి వచ్చింది 1992లో. మనవాళ్లకు మూడు నిమిషాల వీడియో చాలు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌ను ముంబై టాటా ఆస్పత్రి వైద్యులు ముదిరిన నోటి క్యాన్సర్‌లో చవక మాత్రగా వాడి చూపించారు. పక్క ఊరాయన మందు గురించి ఏ గ్రూపులోనూ ఒక్క ముక్క ఉండదు!

పసర్లతో పోయేది డబ్బు కాదు, నెలలు. బుగ్గలో పుండు మెడ బిళ్లలకు పాకేది ఆ నెలల్లోనే. కేరళలో తిరువనంతపురం జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, నోరు తెరిపించి చూశారు, అంతే. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది. మనకు దుగ్గిరాలలో దంత కళాశాల ఉంది, ఏలూరులో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. విద్యార్థుల్ని వారానికో రోజు టార్చీలిచ్చి కొల్లేరు చేపల చెరువుల గట్ల మీదికి, రాత్రి కాపలా కాసేవాళ్ల దగ్గరికి పంపితే ఏం పోయింది?

గుట్కా నిషేధించామంటారు. కిళ్లీ కొట్టుకెళ్లి చూడండి. వక్కపొడి ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లం. కలుపుకునే పని కొన్నవాడిది. పొగాకు లేని వక్క కూడా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే చెప్పింది. ఇక జంగారెడ్డిగూడెంలో కేంద్రం వారి పొగాకు బోర్డే దగ్గరుండి వర్జీనియా వేలం వేయిస్తుంది. ఒక శాఖ పొగాకు అమ్మిస్తుంది, ఇంకో శాఖ పెట్టె మీద పుండు బొమ్మ అచ్చు వేయిస్తుంది. రైతుననడం లేదు. 1976లో పుట్టిన బోర్డు ఇన్నేళ్లలో ఆ రైతుకు అంత గిట్టుబాటయ్యే ఇంకో పంట చూపించలేకపోయిందనే నా కోపం.

నాలుక పక్కన గానీ, బుగ్గ లోపల గానీ రెండు మూడు వారాలైనా మానని పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ ఉన్నా, నోరు ఇదివరకులా తెరుచుకోకపోయినా పళ్ల డాక్టరుకు చూపించండి. కిళ్లీ ఇంకా మానలేదే, తిడతారేమోనని ఆగకండి.