గంట బిగిస్తే చాలదు

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయన్న సామెత పల్లెల్లో అందరికీ తెలిసిందే. ఇప్పుడు కుక్కకు తోడుగా అలారం పెట్టెలు కూడ పల్లెలకు చేరాయి. పంట అమ్మిన సొమ్మో, పిల్ల పెళ్లికని చేయించిన నగలో ఇంట్లో వున్నవారు వాటిని కొంటున్నారు. బిడ్డలు పట్నాలలోనో, పరదేశాలలోనో వుండగా ఒంటరిగా రోజులు వెళ్లదీస్తున్న వృద్ధ దంపతులకు బిడ్డలే కొని పంపుతున్నారు. ఇది హర్షించవలసిందే. అయితే పెట్టె గోడకెక్కగానే ఇల్లు భద్రమైందని నిశ్చింతగా వుండడం మాత్రం తగదు. ఏ తలుపు తెరిస్తే వెంటనే మోగాలో, ఏ గదిలో అలికిడి అయితే ఊరుకోవాలో ఆ పెట్టెకు ముందుగా చెప్పి వుంచాలి. చెప్పకపోతే అది రాత్రిపూట వీధివారి నిద్ర పాడుచేసే వస్తువుగానే మిగులుతుంది.

ఈ యంత్రం నిన్న మొన్నటిది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన ఆగస్టస్ రస్సెల్ పోప్ 1853లోనే విద్యుత్తుతో మోగే దొంగల గంటకు పేటెంటు పొందాడు. తలుపు తెరవగానే తీగెలు కలిసి గంట మోగడమే దాని కిటుకు. నేటి తీగెల అలారాలలో సాధారణంగా ఇందుకు తిరగేసిన పద్ధతి వుంటుంది. తలుపు మూసివున్నంత సేపు కరెంటు దారి కలిసే వుంటుంది. తలుపు తెరిచినా, తీగె కోసినా ఆ దారి తెగి సైరన్ మోగుతుంది. తీగె కోస్తే చాలుననుకునే దొంగ ఆట ఇక్కడ సాగదు.

ఊరిని వార్డులుగా విడదీసినట్లే ఈ పెట్టెలో ఇంటిని జోన్లుగా విడదీస్తారు. ఏ వార్డు పని ఆ వార్డుది. ఇంటివారు రోజూ వచ్చిపోయే వీధి తలుపు ఒక జోను. దానికి అర నిమిషమో, ముప్పావు నిమిషమో గడువు ఇవ్వాలి. లోపలికి వచ్చినవారు ఆ గడువులో తమ రహస్య అంకె నొక్కితే సైరన్ మోగదు. పెరటి తలుపు, కిటికీలు వేరే జోన్లు. వాటికి గడువు అక్కరలేదు, తెరిచిన క్షణమే మోగాలి. హాలులో, వసారాలో మనిషి కదలికను పసిగట్టే సెన్సార్లది మరో తరహా. ఇంటివారు వీధి తలుపు తీసుకుని వచ్చినప్పుడు ఆ గడువును ఇవి కూడ పాటించేలా పెట్టాలి. లేకపోతే యజమాని కీప్యాడ్ దాకా నడిచేలోగా తన ఇంట్లో తానే దొంగ అవుతాడు. పొగను పసిగట్టే సెన్సారునూ, ఆపదలో నొక్కే మీటనూ ఇరవైనాలుగు గంటల జోనులో వుంచాలి. అలారం ఆపివున్నా అవి పనిచేస్తూనే వుండాలి.

ఇల్లంతా తాళం వేసి ఊరెళ్లడం ఒకటి, ఇంట్లోనే పడుకుని కాపలా పెట్టుకోవడం మరొకటి. మొదటిదానికి అన్ని జోన్లూ మేలుకొని వుండాలి. రెండవదానికి బయటి తలుపులు, కిటికీలు మాత్రమే మేలుకొని, లోపలి సెన్సార్లు ఊరుకోవాలి. ఈ రెండు మీటలకూ తేడా తెలియకపోవడం వల్లనే చాలా చిక్కులు వస్తున్నాయి. అర్ధరాత్రి దాహానికి లేచిన ముసలమ్మ హాలులో అడుగు పెట్టగానే సైరన్ కూస్తుంది. ఇరుగుపొరుగు కర్రలు పట్టుకుని పరుగెత్తుకొస్తారు. రెండోసారీ వస్తారు. నాలుగోసారి ఎవరూ రారు. నాన్నా పులి కథ పిల్లలకే కాదు, యంత్రాలకూ వర్తిస్తుంది. చివరకు విసిగిన ఇంటివారే పెట్టెను ఆపేస్తారు. వేలు పోసి కొన్న కాపలా అలంకారమై గోడకు వేలాడుతుంది. దొంగకు కావలసిందీ అదే.

సెన్సారు ఎక్కడ బిగించారన్నదీ ముఖ్యమే. కదలికను పసిగట్టే మామూలు సెన్సారు మనిషి ఒంటి వేడిని బట్టి పనిచేస్తుంది. ఎండ నేరుగా పడేచోట, పొయ్యికి ఎదురుగా బిగిస్తే వృథా మోతలు తప్పవు. పిల్లి తిరిగే ఇంట్లో ఆ సంగతి బిగించేవారికి ముందే చెప్పాలి. తనకు అడ్డంగా నడిచే మనిషిని ఇది తేలికగా పడుతుంది. నేరుగా ఎదురొచ్చేవాణ్ణి కాస్త ఆలస్యంగా పడుతుంది. గాజు పలక అవతలి మనిషిని గుర్తించలేదు. పెంకుటిళ్లకు మరో జాగ్రత్త అవసరం. పెంకులు తీసి దిగే దొంగకు తలుపుతో పనేముంది? అటువంటి ఇళ్లలో తలుపుల మీది సెన్సార్లను మాత్రమే నమ్ముకుంటే లాభం లేదు. లోపలి గదిలోనూ ఒకటి వుండి తీరాలి.

కరెంటు కోతలు వున్నచోట పెట్టెలోని బ్యాటరీయే దిక్కు. అది కొన్నేళ్లకు నీరసిస్తుంది. నెలకొకసారి కరెంటు తీసి మోగుతున్నదో లేదో చూసుకోవాలి. అలాగే పరీక్ష పద్ధతిలో పెట్టి, ప్రతి తలుపూ తెరిచి, ప్రతి గదిలో నడిచి చూడాలి. కొన్నప్పుడు కంపెనీ పెట్టిన రహస్య అంకెను మొదటిరోజే మార్చాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అన్న అంకె దొంగకు కూడ తెలుసు. బిగించేవారు వాడే అంకె వేరుగా వుంటుంది, దాన్నీ మార్పించుకోవాలి. ఏ నెంబరు జోను ఏ తలుపుదో తెలుగులో ఒక కాగితం మీద రాసి బీరువాలో దాచుకోవాలి. మూడో జోను అని పెట్టె చూపితే అది పెరటి తలుపో, పడకగది కిటికీయో వెతుక్కునే వేళ అది కాదు.

ఇవన్నీ చెప్పవలసిన బాధ్యత అమ్మినవారిది, బిగించినవారిది. పట్నం నుంచి వచ్చిన కుర్రవాడు గంటలో పని ముగించి, ఇంగ్లీషు పుస్తకం ఒకటి చేతిలో పెట్టి, సంతకం తీసుకుని వెళ్లిపోతే సరిపోదు. అన్ని సెన్సార్లనూ ఒకే తరహా జోనులో వేసి చేతులు దులుపుకోవడం పని కాదు, పని ఎగవేత. జోన్ల పట్టిక తెలుగులో రాసివ్వాలి. ఇంట్లో రాత్రి వుండేవారితోనే, ముఖ్యంగా పెద్దవారితో, రెండు మీటలూ నొక్కించి చూపించాలి. అంతవరకు కొనుగోలుదారులు మిగతా సొమ్ము చెల్లించకుండా వుండడం మంచిది. పంచాయతీలు, స్థానిక పోలీసులు కూడ గ్రామసభల్లో ఈ సంగతులు వివరిస్తే ఎంతో మేలు జరుగుతుంది.

ఎంత మంచి పెట్టె అయినా దొంగను పట్టుకోదు, కేక మాత్రమే వేస్తుంది. ఆ కేక విని వచ్చే మనిషి కావాలి. ఊరెళ్లేటప్పుడు పక్కింటివారికీ, పోలీసు స్టేషనుకూ చెప్పి వెళ్లాలి. సైరన్ వినబడినప్పుడు 112కు ఫోను చేయడం ఇరుగుపొరుగు విధి. వృథాగా మోగకుండా చూసుకోవడం ఇంటివారి విధి. ఈ రెండూ జరిగిననాడే అలారానికి పెట్టిన ఖర్చు సార్థకమవుతుంది.