వెట్‌సూట్ కొంటున్నారా? ముందు ఊపిరి చూసుకోండి!

ఇంగ్లండులోనో, అమెరికాలోనో కాపురముంటూ, పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక ట్రయథ్లాన్ పోటీకి పేరిచ్చే ఆడవాళ్లు మనవాళ్లలోనూ ఉన్నారు. ముందు ఈత, తర్వాత సైకిలు, ఆపైన పరుగు. మూడూ వరసగా పూర్తి చేయాలి. కొత్తవాళ్లకు అనువైన ‘స్ప్రింట్’ పోటీలో 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. చాలామందికి గుండె దడ ఈత దగ్గరే. అక్కడ చాలాచోట్ల చెరువుల్లో వేసవిలో కూడా నీళ్లు చల్లగానే ఉంటాయి మరి! అందుకే వెట్‌సూట్ వేసుకుంటారు. మీరో, మీ అమ్మాయో మొదటిసారి అది కొనబోతుంటే ఈ నాలుగు మాటలూ చదవండి.

వెట్‌సూట్‌ని నియోప్రీన్ అనే మెత్తని రబ్బరుతో చేస్తారు. అందులో సన్నని గాలిబుడగలుంటాయి. సూటు లోపలికి చేరిన కొద్దిపాటి నీరు ఒంటివేడికి వెచ్చబడి అక్కడే నిలుస్తుంది. బుడగల వల్ల మనిషి కాస్త తేలిగ్గా తేలుతుంది కూడా. అలాగని ఇది లైఫ్ జాకెట్ కాదు. ఈత రానివాళ్లు దీన్ని నమ్ముకుని నీళ్లలో దిగకూడదు.

ఏ రకం కొనాలి?

చవగ్గా వచ్చిందని డైవింగ్ సూటు కొనకండి. అది భుజాల దగ్గర బిరుసుగా ఉండి చేతులు ఆడనివ్వదు. ట్రయథ్లాన్ సూటు భుజాల దగ్గర పలచగా, ఛాతీ, తొడల దగ్గర మందంగా ఉంటుంది. మందం ఎక్కడా 5 మిల్లీమీటర్లు మించకూడదని పోటీల నిబంధన.

కొలతే ప్రాణం

‘శ్రీవారి సూటు ఇంట్లో ఉందిగా, సర్దుకుందాం’ అనుకోకండి. ఆడవాళ్ల కొలతలకు వేరే సూట్లున్నాయి. కంపెనీ పట్టికలో ఎత్తు, బరువు, ఛాతీ కొలత చూసి ఎంచుకోవాలి. మొహమాటపడి బరువు రెండు కిలోలు తగ్గించి చెప్పారో, కష్టం మీకే! జాకెట్టు బిగుతైతే కుట్లు విప్పి వదులు చేసుకుంటాం. దీనికా వీలు లేదు.

చన్నీళ్లలో దిగగానే ఎవరికైనా ఒక్కసారిగా ఊపిరి ఎగదన్నుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో అదే సర్దుకుంటుంది. సరిగ్గా అప్పుడే మెడా, ఛాతీ బిగుసుకుపోయి ఉంటే కంగారు రెట్టింపవుతుంది. ఎంత ఈత వచ్చినా చేతులాడవు. అందుకే దుకాణంలోనే ఇవి చూసుకోండి:

* గుండెల నిండా గాలి పీల్చండి. హాయిగా ఆడాలి.
* మెడపట్టీ చర్మానికి ఆనుకోవాలి, గొంతు నొక్కకూడదు.
* ఈత కొట్టినట్టు చేతులు తిప్పండి. భుజాలు లాగుతుంటే సూటును కాళ్ల నుంచి పైకి సర్ది మళ్లీ చూడండి.
* నడుము వెనక మడతలు పడితే వదులన్నమాట. నీళ్లు చేరి బరువెక్కుతుంది.

పొడిగా ఉన్నప్పుడు కాస్త బిగుతుగా అనిపించడం మామూలే. నీళ్లలో కొంత సర్దుకుంటుంది. ఊపిరి ఆడకపోతే మాత్రం అది మీ సూటు కాదు!

తొడుక్కునే ముందు గాజులు, ఉంగరాలు, గొలుసులు తీసి పెట్టండి. గోళ్లు కత్తిరించుకోండి. పాదానికి ప్లాస్టిక్ కవరు తొడిగితే కాలు సులువుగా జారుతుంది. వేళ్ల కొసలతో లాగండి, గోళ్లతో కాదు.

ఖరీదు ఎక్కువనిపిస్తే ముందు అద్దెకు తీసుకోండి. పోటీ రోజునే కొత్తగా తొడగడం మాత్రం వద్దు. అంతకుముందే రెండు మూడుసార్లు, తోడు ఉండగా, చెరువులో ఈది చూడండి. ఊపిరి అందనట్టనిపిస్తే వెల్లకిలా తిరిగి తేలండి. సాయం కావాలంటే చెయ్యెత్తండి.

ఇంటికొచ్చాక మంచినీళ్లలో జాడించి, తిరగేసి నీడలో ఆరేయండి. వాషింగ్ మెషీనూ, వేడినీళ్లూ, ఇస్త్రీ పనికిరావు.

మరి మన విశాఖ, గోవా సముద్రాల్లోనో? అక్కడి వెచ్చని నీళ్లకు ఈ సూటు అక్కర్లేదు. పైగా ఒళ్లు వేడెక్కి ప్రమాదం. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 1500 మీటర్ల లోపు ఈతలో నీళ్లు 22 డిగ్రీలు దాటితే మామూలు పోటీదార్లు దీన్ని వేసుకోనే కూడదు. కొన్ని పోటీల్లో ఈ హద్దు వేరుగా ఉంటుంది. కనుక కొనేముందు మీ పోటీ నిబంధనలు చూసుకోండి.

రంగూ, బ్రాండూ, ధరా తర్వాతి మాట. ముందు గుండెల నిండా ఊపిరి ఆడనివ్వాలి. మీకు తగిన సూటు అదే!