గడప దాటకపోయినా వడదెబ్బే

హబ్సిగూడ నుంచి ఒక సోదరి రాశారు: "మా అత్తగారికి డెబ్బై రెండేళ్ళు. మూడంతస్తుల మేడలో పై వాటాలో ఉంటున్నాం. ఏప్రిల్ నెలలో ఆవిడ గడప దాటలేదు. అయినా ఒకరోజు తెల్లవారుజామున మాట తడబడి, మమ్మల్ని గుర్తుపట్టలేకపోయారు. ఆసుపత్రిలో వడదెబ్బ అన్నారు. ఇప్పుడు కోలుకున్నారు. ఇంట్లో ఉన్న మనిషికి వడదెబ్బేమిటి డాక్టరుగారూ?"

అమ్మా, వడదెబ్బకు ఎండే తగలనక్కరలేదు, వేడి చాలు. మన శరీరంలో పుట్టే వేడి చర్మం ద్వారా బయటికి పోతూ ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు చెమట ఒక్కటే దిక్కు. వయసు మళ్ళినవారికి చెమట సరిగా పట్టదు. దాహమూ అంతగా వేయదు కనుక నీళ్ళు అడగరు. రక్తపోటుకు ఇచ్చే నీరు తీసే మాత్రలు, మనోవ్యాధులకు ఇచ్చే కొన్ని మందులు ఈ ఇబ్బందిని ఇంకా పెంచుతాయి.

ఇక మీ మేడ సంగతి. పగలంతా కాగిన స్లాబు ఆ వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. పగలు అలసిన గుండెకు రాత్రి చల్లదనం కావాలి. అది వరసగా రెండు మూడు రాత్రులు దొరక్కపోతే ముసలి ప్రాణం తట్టుకోలేదు. సాయంత్రం ఎన్.జి.ఆర్.ఐ. ప్రహరీ వెంట చెట్లకింద నడిచి, తర్వాత మీ వీధి లోపలికి రండి. తేడా మీ ఒంటికే తెలుస్తుంది. వాకిట్లో వేపచెట్టు కొట్టి, స్థలమంతా సిమెంటు చేసి, పైన అంతస్తులు లేపితే వీధి రాత్రిపూట కూడా చల్లారదు. భూమి వేడెక్కుతున్న కొద్దీ ఇలాంటి రాత్రులు పెరుగుతాయి.

2020 అక్టోబరులో హబ్సిగూడ, రామంతాపూర్ వీధుల్లోకి వరద వచ్చినప్పుడు ఇరుగుపొరుగు ఒకరినొకరు ఆదుకున్నారు. నీళ్ళు కంటికి కనబడతాయి. వేడి కనబడదు, అందుకే ఎవరూ తలుపు తట్టరు. 2015 మే నెలలో వడగాడ్పులకు దేశంలో రెండువేలమందికి పైగా పోయారు, వారిలో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవారే. అహ్మదాబాదులో 2010 వేసవి మరణాల తర్వాత 2013లో ఊరంతటికీ ఒక ప్రణాళిక వేసుకున్నారు. ఆ పని వీధి స్థాయిలోనూ చేయవచ్చు.

మీ కాలనీ సంఘంవారు ఉగాదిలోపు ఒక కాగితం తీసుకుని, ఒంటరిగా ఉండే వృద్ధులెవరో, పై వాటాల్లో మంచం పట్టినవారెవరో రాసుకోవాలి. రేకుల గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబాన్ని, నాచారం ఫ్యాక్టరీల్లో రాత్రి డ్యూటీ చేసి పగలు అలాంటి గదుల్లో నిద్రపోయే కుర్రవాళ్ళను మాత్రం మరిచిపోకండి. మనం సాధారణంగా మరిచేది వాళ్ళనే. ఎండలు ముదిరిన రోజుల్లో ఆ ఇళ్ళకు ఎవరు వెళ్ళి పలకరించాలో ముందే పంచుకోండి. సెల్లు మోగితే ఎత్తినంత మాత్రాన క్షేమమనుకోకండి, మనిషిని చూడాలి.

డాబా కడిగి తెల్లసున్నం రెండు మూడు పూతలు వేయించండి. గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గినా పెద్దవారికి అది ప్రాణం పోసినట్టే. వానలకు పోతుంది కనుక ఏటా వేయాలి. మన ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది కాని, చిన్న ఇళ్ళకు అది నిర్బంధం కాదు. మీరే పూనుకోవాలి. సున్నం వేసేవారి కళ్ళు జాగ్రత్త. పడితే చాలాసేపు నీళ్ళతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరకు పంపండి.

గది 40 డిగ్రీలు దాటితే ఫ్యాను వేడిగాలినే విసురుతుంది. ఒళ్ళు తడిపి, అప్పుడు ఫ్యాను వేయండి.

ఒళ్ళు కాలిపోతూ మాట తడబడినా, స్పృహ తప్పినా, ఫిట్సు వచ్చినా క్షణం ఆగవద్దు. 108కి ఫోను చేయండి. బండి వచ్చేదాకా బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్ళు పోసి విసరండి. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో మంచుముక్కల గుడ్డ పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి. జ్వరం మాత్ర ఇక్కడ పనిచేయదు.

మీ అత్తగారి మాత్రల చీటీ మాత్రం ఏటా ఫిబ్రవరిలోనే మీ డాక్టరుకు చూపించండి. వేసవికి మోతాదు మార్చాలో వద్దో ఆయన చెబుతారు. మీ అంతట మీరు ఏ మాత్రా ఆపవద్దు.