బాణీ ఎవరి సొత్తు?

నెల్లూరి హరికథకుడు సాంబమూర్తి కుమారుడైన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యమునకు, 2017 మార్చిలో అమెరికా పర్యటనలో నుండగా, ఇళయరాజా పక్షమున న్యాయవాది నోటీసు అందినది. ఇళయరాజా కూర్చిన పాటలను ఆయన అనుమతి లేక వేదికలపై పాడరాదని దాని సారము. కంఠ మొకరిది, కల్పన మరొకరిది. ఇక పాట ఎవరిది? రెండు పాటలు ఒకదానినొకటి పోలినపుడు ఈ ప్రశ్న మరింత చిక్కుపడును.

తమ కుటుంబపు పెద్దలు రచించిన ‘శివస్తుతి’ని ‘పొన్నియిన్ సెల్వన్’ రెండవ భాగములోని ‘వీర రాజ వీర’ పాటకై ఏ.ఆర్. రహమాన్ గ్రహించెనని ద్రుపద గాయకుడు వసిఫుద్దీన్ డాగర్ ఢిల్లీ హైకోర్టు నాశ్రయించెను. 2025 ఏప్రిల్‌లో ఏకన్యాయమూర్తి డాగర్‌కు అనుకూలముగా తాత్కాలికోత్తర్వు నిచ్చిరి. ఆ సెప్టెంబరులోనే ద్విసభ్య ధర్మాసనము దానిని త్రోసిపుచ్చెను. పాడినంతమాత్రమున వారే రచయితలని ప్రాథమికముగానైనను తేలదని ధర్మాసనము భావించినది.

రాగము ఎవరి సొత్తును కాదు. మోహనమున పాట కట్టినంతనే ఎవరును దొంగ కారు. మైపాడు తీరమున సముద్రము అందరిది. వలలో పడిన చేప మాత్రము వల లాగినవానిది. రాగము సముద్రము, కృతి ఆ చేప.

మన ఆలంకారికులకు ఈ చిక్కు క్రొత్త కాదు. తొమ్మిదవ శతాబ్దమున ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకము’లో కావ్యముల పోలికను మూడు తెరగులుగా చెప్పెను: అద్దములోని ప్రతిబింబము వంటిది, చిత్తరువు వంటిది, పోలికలు గల ఇద్దరు మనుష్యుల వంటిది. మొదటి రెండును వర్జ్యములు. మూడవదానికి ఆత్మ వేరు గనుక గ్రాహ్యము. భావమునకు హక్కు లేదు, దానిని వెల్లడించిన రూపమునకే కలదని 1978లో ఆర్.జి. ఆనంద్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పినదియు ఈ మాటకు దూరము కాదు.

అయినను పేరున్నవాడే న్యాయస్థానపు మెట్లెక్కగలడు. 1957 నాటి కాపీరైటు చట్టము నేడు రచయిత మరణానంతరము 60 ఏండ్లు రక్షణ నిచ్చుచున్నది. పులికాటు ఒడ్డున పేరెరుగని పల్లెకారుని పడవపాటకు, వరినాట్లు వేయు స్త్రీల పాటకు రచయిత ఎవరు? వానిని తన పేర అచ్చువేసికొనువాని నడ్డుటకు సాక్ష్య మెక్కడ?

ఆ సాక్ష్యమును కూర్చవలసినవారు ఉపాధ్యాయులును విద్యార్థులును. ఏ పాట, ఏ ఊర, ఏ నాడు, ఎవరు పాడిరి, వారెవరివద్ద నేర్చిరి? ఇంతమాత్రము, పాడినవారి సమ్మతితో, ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచిన చాలును. ఊరి పాటకు యజమానిని కల్పించుటకు గాదు. అందరిదైన దానిని ఏ ఒక్కడును తనదనకుండుటకు.