ప్రేమ నవల పేరెత్తితే ఉలుకెందుకు?

"స్త్రీవాదివై ఉండి ఆడవాళ్లని యద్దనపూడి నవలలు చదవమంటావా?" అని ఈమధ్య ఒక సాహిత్య సభలో మిత్రురాలు నన్ను నిలదీసింది. అంటాను. ఎందుకంటానో కూడా చెప్తాను.

నేనుండేది నాగారంలో. మా చుట్టుపక్కల ఆడవాళ్లు కొందరు నాచారం ఫ్యాక్టరీలకి, ఉప్పల్ షాపులకి పనికెళ్తారు. నా దగ్గర పుస్తకాలున్నాయని తెలిసి వచ్చినవాళ్లు మొదట అడిగేది ఒకటే, "అక్కా, మంచి లవ్‌స్టోరీ ఉంటే ఇయ్యవా?" అని. మనం ఇవ్వాలనుకునేదేమో చైతన్యం కలిగించే పుస్తకం. అంటే పగలంతా పడిన కష్టాన్నే రాత్రిపూట అచ్చులో మళ్లీ పడమంటున్నాం!

యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' 1960ల్లో 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అందులో మన విమర్శకులకి రాజశేఖరం డబ్బు, కారు, మేడ కనిపించాయి. జీతం కోసం గడప దాటి, ఆత్మాభిమానం వదులుకోకుండా నిలబడాలనుకున్న జయంతి కనిపించలేదు. అద్దె పుస్తకాల షాపుల్ని నిలబెట్టిన పాఠకురాళ్లూ కనిపించలేదు. మగ రచయితలు మాత్రం వాళ్లని బాగానే గుర్తించారు. ఆడపేర్లు పెట్టుకుని మరీ నవలలు రాశారు.

రాజశేఖరం పెత్తనం నాకు కనపడదా? కనపడుతుంది. మగవాడి అహంకారానికి ఈ నవలలు ప్రేమ అని పేరుపెట్టాయి. కులం ఊసెత్తకుండానే కథ నడిపాయి. పెళ్లితో అన్ని ప్రశ్నలకీ తలుపు మూశాయి. అందుకే సిఫార్సు చెయ్యడమంటే పుస్తకం చేతిలో పెట్టి తప్పుకోవడం కాదు. "అతను ఆమెని చులకన చేసినచోట నీకేమనిపించింది?" అని అడుగుతాను. ఒకామె అంది, "పైసలున్నోళ్ల కోపం గూడ అందంగనే కనవడ్తదక్కా." ఏ సెమినార్ పత్రంలో విన్నాం ఇంత సూటి విమర్శ?

జానిస్ రాడ్వే 1984లో వెలువరించిన 'రీడింగ్ ది రొమాన్స్' కోసం అమెరికాలో పాఠకురాళ్ల దగ్గరికే వెళ్లింది. ఇంటిచాకిరీ మధ్య పుస్తకం పట్టుకు కూర్చోవడమే వాళ్లు తమకోసం తీసుకున్న సమయమని చెప్పింది. ఆ కథలు పితృస్వామ్యాన్ని కదిలించవనీ చెప్పింది. రెండూ నిజాలే. మనం రాడ్వేని ఉటంకిస్తాం, నాచారం బస్సులో పక్కన కూర్చున్నామెని మాత్రం అడగం.

ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చువేసింది. 1911లో ప్రభుత్వం నిషేధించింది. ఆడది ఇలాంటివి రాయడమేమిటని వీరేశలింగం ఈసడించాడు. ఆ ఈసడింపుని ఎండగట్టింది మనమే. మరి ఇవాళ ప్రతిలిపిలో, వంటింటి పని ముగించుకుని, ఫోన్లో ప్రేమకథలు రాసుకునే ఆడవాళ్లని "వాళ్లూ రచయిత్రులేనా?" అంటున్నదెవరు? మనమే కదా! స్త్రీ కోరికని గౌరవించడానికి ఆ రచన వందేళ్లు పాతబడాలా?

'సెక్రటరీ'ని పాఠ్యప్రణాళికలో పెట్టండి. దయాదాక్షిణ్యాల్లేకుండా చర్చించండి. ప్రతిలిపి కథల్లో బాగున్నవేవో పేరుపేరునా చెప్పండి, బాగాలేనివి ఎందుకు బాగాలేవో వివరించండి. ఆడవాళ్లు ఏం చదవాలో మగవాళ్లు నిర్ణయిస్తే మనం ఊరుకోలేదు. మనం నిర్ణయిస్తే వాళ్లెందుకు ఊరుకోవాలి?